ఫల్గుణ కాల్చిన ఉండలు

జీలుగుపుట్టులో గుమ్మడికాయ ఏడాదంతా కూర, ఒక్కరోజు మాత్రం పంది.

ఆ ఒక్కరోజు ఇటుకల పండుగలో వస్తుంది. పూర్వం ఆ పండుగకు ఊళ్ళో మగవాళ్ళంతా విల్లులు పట్టుకుని వేటకు పోయేవారు. ఏదైనా కొట్టుకొస్తే ఆడవాళ్ళు డప్పులతో ఎదురొచ్చేవారు, వట్టి చేతులతో వస్తే పేడనీళ్ళతో ఎదురొచ్చేవారు. ఎలా వచ్చినా ఎదురు రావడం మాత్రం ఖాయం. ఇప్పుడు అడవిలో పందులు తరిగాయి, ఫారెస్టు వాళ్ళు పెరిగారు. పందిని కొడితే కేసు, ఫారెస్టు వాళ్ళను కొడితే ఇంకా పెద్ద కేసు. అందుకని ఊరి పెద్దలు కూర్చుని ఆలోచించి, ఊరి పక్కన పారే గెడ్డకు అవతలి ఒడ్డున ఉన్న జీలుగు చెట్టుకు ఒక గుమ్మడికాయ వేలాడదీసి, దానికి బొగ్గుతో రెండు కళ్ళూ ఒక ముట్టే గీసి, 'ఇదే పంది' అని తీర్మానించారు. ఇంటికొక మగవాడు ఇవతలి ఒడ్డున నిలబడి ఉండేలుతో ఒక్క దెబ్బ కొట్టాలి. తగిలితే డప్పు, తప్పితే పేడ. 'తేడా వస్తే పేడే.' ఆ ఊరి రాజ్యాంగం మొత్తం ఇంతే. సవరణలు లేవు.

ఉండేలంటే పిల్లలు జేబులో పెట్టుకు తిరిగే రబ్బరు పంగలకర్ర అనుకునేరు. ఇది వెదురు విల్లు. నారి ఒకటి కాదు, జంట. జంట నారుల నడుమ చిన్న గుడ్డపట్టీ, ఆ పట్టీలో మట్టి ఉండ. చేలో చోడి కంకుల మీద వాలే చిలకల్ని తోలడానికి పుట్టిన ఆయుధం. చిలక దగ్గర్లో ఉంటుంది, పంది గెడ్డ అవతల ఉంటుంది. పెద్దలు దూరాభారం అని ఊరికే అనలేదు. దూరం పెరిగితే భారం లెక్కలోకి వస్తుంది.

ఫల్గుణకు ఆ దూరమే భారమైపోయింది. ఆ పేరు ఎలాంటి విలుకాడిదో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పేరు పెట్టినప్పుడు తల్లిదండ్రులు గుమ్మడికాయను సంప్రదించలేదు, అంతే. రెండేళ్ళ కిందట అతని దెబ్బ గెడ్డలో పడింది. నిరుడు గెడ్డ దాటింది గానీ, చెట్టు పక్కన మేస్తున్న మేకకు తగిలింది. మేక లెక్కలోకి రాదన్నారు. రెండేళ్ళూ పేడ పడింది. ఇక మూడో ఏడు. వరసగా మూడేళ్ళు తప్పినవాడు విల్లు అటకెక్కించేసి, ఆపై ప్రతి పండక్కీ ఆడవాళ్ళ వెనకాల పేడ బకెట్లు మోయాలి. చచ్చేదాకా. విల్లు దిగి బకెట్టెత్తిన మగవాడు ఊళ్ళో ఇంతవరకు ఒక్కడూ లేడు. ఆ రికార్డు తన పేరున రాయించుకోవడం ఫల్గుణకు ఇష్టం లేదు.

"తప్పు నాది కాదే, ఉండది," అన్నాడు పెళ్ళాం రత్నతో.

"రెండేళ్ళూ ఉండదేనా?"

"రెండేళ్ళూ రెండు ఏరే ఉండలు కదే."

"సెయ్యి ఒకటే కద మావా."

ఫల్గుణ ఆ మాట వినపడనట్టు ఊరుకున్నాడు. మగవాడికి ఉండ మీద ఉన్నంత గురి ఆడదానికి మొగుడి మీద ఉండదని మనసులో అనుకుని ఉంటాడు. మరి ఊరుకున్నాడే గానీ ఊరికే ఉండలేదు. ఉండలేక ఉండలు చేయడం మొదలుపెట్టాడు.

అతను పని చేసేది అరకు రోడ్డులో సన్యాసిరావు కాఫీ కొట్లో. సన్యాసిరావు విజయనగరం వైపు నుంచి ఎప్పుడో కొండెక్కిన వ్యాపారి. కింద ఉన్నప్పుడు బెల్లం అమ్మేవాడు, పైకొచ్చాక చేదు అమ్ముతున్నాడు. ఆ కొట్లో గింజలు జల్లించడం, తూచడం, వేపడం అన్నీ ఫల్గుణ చేతి మీదే జరుగుతాయి. ఒక రోజు జల్లెడ ఆడిస్తూండగా ఫల్గుణ చెయ్యి ఆగిపోయింది. గింజ గింజకీ తేడా ఉంటే కాఫీ చెడుతుందని ఇన్ని జల్లెళ్ళు, ఇంత తూకం, ఇంత ఆర్భాటమూ. మరి ఉండ ఉండకీ తేడా ఉంటే వేట చెడదా? ఊళ్ళో మగవాళ్ళంతా దారిలో దొరికిన మట్టి తీసి, రెండు చేతుల మధ్య నలిపి, నిక్కరుకు తుడిచి, అదే ఉండ అంటున్నారు. ఒకటి రేగుపండంత, ఒకటి నిమ్మకాయంత. ఒకటి తేలికై గాలికి కొట్టుకుపోతుంది, ఒకటి బరువై ముందే వాలిపోతుంది. గ్రాముల్లో తేడా వస్తే గ్రామంలో పరువు పోదూ?

ఆ ఆదివారం నుంచి కాఫీ కొట్టు మూసి ఉన్నప్పుడల్లా లోపల మట్టిపని సాగింది. పుట్టమట్టి తెచ్చి, కాఫీ జల్లెడలో పట్టి, మెత్తటిది మాత్రం తీసుకుని తడిపాడు. చేతుల మధ్య నలిపితే కోడిగుడ్డు ఆకారం వస్తోందని, గింజలు తిప్పే డ్రమ్ములో వేసి దొర్లించాడు. గోళీల్లా గుండ్రంగా వచ్చాయి. కాఫీ తూచే చిన్న కాటా మీద ఒక్కొక్కటీ తూచి, కాస్త ఎక్కువున్నదాన్ని గీకి, కాస్త తక్కువున్నదాన్ని పారేశాడు. గింజలో చెమ్మ చూసే మీటరుతో ఉండలో చెమ్మ చూశాడు. ఆ మీటరు పుట్టినప్పటినుంచి మట్టిని ఎరగదు, పాపం ఏదో అంకె చూపించింది.

ఆ తర్వాత కాల్చాలి. ఇక్కడే ఉంది తమాషా. తుపాకీవాడు ముందు గుండు పెట్టి తర్వాత కాలుస్తాడు. ఉండేలువాడు ముందు ఉండ కాల్చి తర్వాత పెడతాడు. ఇంట్లో పొయ్యిలో కాలిస్తే ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చిగా ఉంటుంది కాబట్టి ఫల్గుణ కాఫీ వేపే మిషన్లోనే పోశాడు. కొన్నిటిని సగం వేపాడు, కొన్నిటిని బాగా వేపాడు, కొన్నిటిని నల్లగా మాడ్చాడు. ఏ వేపుడు ఏ వైపు పోతుందో చూడాలి కదా.

సోమవారం పొద్దున్న సన్యాసిరావు తన కొట్లో తన గ్లాసులో తన కాఫీ తాగి, అక్షరాలా మట్టి కరిచాడు.

"ఫల్గుణా, నా మిషన్లో ఏటేపుతున్నావురా?"

"ఉండలండి."

"ఏ ఉండలు? సున్నుండలా?"

"మట్టుండలండి."

సన్యాసిరావు గ్లాసు కింద పెట్టి ఏదో అనబోయేంతలో హైదరాబాదు నుంచి వచ్చిన టూరిస్టు ఒకాయన అదే కాఫీ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. సన్యాసిరావు డబ్బు తిరిగివ్వడానికి గల్లాపెట్టె తెరిచాడు.

"ఇందులో నేల మాట్లాడుతోందండి," అన్నాడు టూరిస్టు కళ్ళు మూసుకునే. "ఏం రకం ఇది?"

"పుట్ట కాఫీ అండి," అన్నాడు సన్యాసిరావు, తడుముకోకుండా. "కొండ మీద ఎక్కడ పడితే అక్కడ పుట్టదండి."

టూరిస్టు ఉన్న పాకెట్లన్నీ పట్టుకుపోయాడు. కారు మలుపు తిరిగాక సన్యాసిరావు ఫల్గుణ భుజం మీద చెయ్యి వేసి, "ఆదివారం ఆదివారం ఏపుకోరా అబ్బాయ్. మిషను మటుకు కడగొద్దు," అన్నాడు.

అలా అనుమతి దొరికాక ఫల్గుణ పరీక్షలకు దిగాడు. ఇంటి వెనక పనసచెట్టుకు ఉండేలును తాళ్ళతో బిగించి కట్టేశాడు. నారి ఎంతవరకు లాగాలో అంతవరకే లాగేలా ఒక మేకు దిగ్గొట్టాడు. ఎదురుగా దూరంగా, గెడ్డ వెడల్పంత దూరంలో, రత్న పాత చీర ఒకటి రెండు గుంజల మధ్య కట్టాడు. ఇక నారి లాగి మేకుకు తగిలించడం, వదలడం. సగం వేపిన ఉండలు చీర మీద చాటంత మేర చెల్లాచెదరయ్యాయి. మాడినవి పళ్ళెమంత మేర పడ్డాయి గానీ, కొన్ని గాల్లోనే పగిలాయి. బాగా వేపినవి మాత్రం ఒకదాని వెనక ఒకటి ఒక్కచోటే దూరాయి.

ఆ సమయానికి వదినగారు నిర్మల అటు వచ్చింది. ఆమె ఫల్గుణ అన్న భార్య, ఊళ్ళో పేడ బకెట్ల దళానికి నాయకురాలు. పండక్కి ఇంకా రోజులున్నా అప్పుడే గంపెత్తుకుని పేడ ఏరుతోంది. ముందుచూపు ఉన్న మనిషి.

"ఏటి మరిదీ, ఉండేలుని సెట్టుకి కట్టేసినావు? పారిపోతాదనా?"

"ఉండని పరీచ్చ సేత్తన్నానొదినా. మద్దిలో మనిసి సెయ్యి ఉండకూడదు. సెయ్యి వొణుకుతాది. సెట్టు వొణకదు."

"అయితే పండగనాడు సెట్టునే అంపించు. నువ్వు ఇంటికాడ ఉండు."

"నవ్వుకో వదినా. ఈ యేడు నీ బకెట్టు నిండుగానే ఉండిపోతాది."

"నా బకెట్టు ఎప్పుడూ నిండుగానే ఉంటాదిరా, మళ్ళీ నింపుతాను గాబట్టి," అని ఆమె గంప సర్దుకుని, పోతూ పోతూ ఫల్గుణను కిందనుంచి పైదాకా కొలత చూసుకుని మరీ పోయింది.

సాయంత్రం రత్న వచ్చి చీర విప్పి చూసుకుంది.

"నా సీరకి ఇడ్డెనంత బొక్క పడిపోనాది."

"బొక్క కాదే, గొప్ప. కొట్టినయ్యన్నీ ఆ ఇడ్డెన్లోంచే పోనాయి. ఒక్కటీ పక్కకి పోనేదు."

"మరి సెట్టునించి ఇప్పి, సేత్తో కొట్టి సూసినావా?"

ఫల్గుణ జాలిగా నవ్వాడు. "ఉండ సరైనదైతే సెయ్యి ఎవలిదైతే ఏటే?"

రత్న చీరను మడిచి, బొక్క లోపలికి పోయేలా మడిచి, దండెం మీద వేసింది.

ఫల్గుణ బాగా వేగిన ఉండల్లోంచి ఏరి, ఏరినవాటిలోంచి మళ్ళీ ఏరి, ఒక కాఫీ పాకెట్లో పోసి, గాలి చొరకుండా మూతి అంటించాడు. నున్నగా, ముదురు ఎరుపుతో నిగనిగలాడుతూ, ఎవరైనా పాయసంలో వేసుకుందామనుకునేలా ఉన్నాయి.

పండుగ పొద్దున్న ఊరంతా గెడ్డ ఒడ్డున చేరింది. అవతల జీలుగు చెట్టుకు పంది వేలాడుతోంది. ఈసారి బొగ్గు గీసినవాడు దానికి కొంచెం నవ్వు కూడా పెట్టాడు. ఆడవాళ్ళు ఒక వరసలో బకెట్లు దించి, చీర కుచ్చిళ్ళు దోపి సిద్ధంగా ఉన్నారు. పూజ చేసే దిసారి భీమన్న పెద్ద వెదురుబుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటింటి నుంచి తెచ్చిన విత్తనాలు, చోడి, సామ, కంది, అన్నీ ఆ బుట్టలో పోయించి కలిపాడు. ఊరి విత్తనం ఒక్కటే అయితే ఊరి పంట ఒక్కటవుతుందని వాళ్ళ నమ్మకం. పసుపునీళ్ళు చల్లాడు.

ఆ తర్వాత, "ఉండలు పొయ్యండి," అన్నాడు.

మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ ఉండలు బుట్టలో వేశారు. ఇదేమీ కొత్త కాదు. విత్తనాలు కలిపినట్టే ఉండలూ కలపడం, దిసారి కళ్ళు మూసుకుని మనిషికొకటి తీసి ఇవ్వడం, ఫల్గుణ పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారమే. ఏటేటా అతనూ వేశాడు, తీసుకున్నాడు, తప్పాడు. కానీ పుట్టినప్పటినుంచి కళ్ళముందున్నదే మనిషి మరిచిపోతాడు. ముక్కు ఉన్న సంగతి జలుబు చేసినప్పుడే కదా గుర్తొచ్చేది. ఫల్గుణకు అప్పుడు జలుబు చేసినట్టయింది. కాఫీ పాకెట్టు గుండెకు హత్తుకుని నిలబడిపోయాడు.

"ఇయి నాయి దిసారీ."

"ఇత్తనాలు ఎవలివిరా?" అన్నాడు భీమన్న.

"ఊరివి."

"నీ కందులు ఊళ్ళో కలిసినాయి. నీ ఉండలకేటి, కులం తక్కువా? పొయ్యి."

ఫల్గుణ పోశాడు. మిగతావాళ్ళు తలా ఒకటో రెండో వేస్తే ఇతనిది పాకెట్టు పాకెట్టు. బుట్ట నిండా గుప్పున కాఫీ వాసన. ముందువరసలో కూర్చున్న ముసలమ్మ ఒకామె గ్లాసు తెమ్మని మనవరాలికి చెప్పింది కూడా.

దెబ్బలు మొదలయ్యాయి. మొదటివాడికి నిగనిగలాడే ఉండ వచ్చింది. లాగాడు, వదిలాడు. పంది కంటి దగ్గర టప్పుమంది. డప్పు మోగింది. రెండోవాడికీ అదే రకం, టప్పు, డప్పు. మూడోవాడికీ అంతే. టప్పూ డప్పూ, టప్పూ డప్పూ. జన్మలో తమ చేను మీది చిలకకు కూడా భయం పుట్టించనివాళ్ళు వరసపెట్టి కొట్టేస్తున్నారు. కాసేపటికి గుమ్మడికాయ ముఖం అమ్మవారు పోసినట్టు గుంటలు పడిపోయింది. నవ్వు మాత్రం చెరగలేదు.

ఆడవాళ్ళు మొహాలు వేలాడేశారు. బకెట్ల మీద ఈగలు ముసురుతున్నాయి.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు సోంబరు తాత. సోమవారం పుట్టాడని సోంబరు అని పేరు పెట్టారు గానీ, మనిషి రోజూ ఆదివారంలోనే ఉంటాడు. ఉండ కూడా ఇంటి దగ్గర చేయడు. వచ్చే దారిలో బురద కనిపిస్తే అక్కడే వంగి, ఒక ముద్ద తీసి, నడుస్తూ నలుపుతాడు. అలాంటి తాత చేతిలోనూ దిసారి నిగనిగలాడేదే పెట్టాడు. తాత పందివైపు సరిగ్గా చూసినట్టు కూడా లేదు. టప్పుమంది. డప్పువాడు నమ్మలేక ఒక క్షణం ఆలస్యంగా కొట్టాడు.

చివరివాడు ఫల్గుణ. దిసారి కళ్ళు మూసుకుని బుట్టలో చెయ్యి పెట్టి తీసి, అతని అరచేతిలో పెట్టాడు. తడిగా తగిలింది. ఫల్గుణ చూసుకున్నాడు. సోంబరు తాత బురదముద్ద. ఒక పక్కనుంచి గడ్డిపరక తోకలా వేలాడుతోంది. ఇంకో పక్కనుంచి ఒక చీమ బయటికి రావడానికి ప్రయత్నిస్తోంది.

చీమను విడిపించి, పరక పీకి, ఊపిరి బిగించి, లాగి వదిలాడు. ఆ ఉండ కాసేపైనా ఉండగా ఉండలేదు. నారి దాటుతూనే మూడు ముక్కలై, ఒకటి గెడ్డలో, ఒకటి ఒడ్డున, ఒకటి డప్పు మీద పడ్డాయి. పంది అలాగే నవ్వుతోంది.

ఫల్గుణ ఉండేలు నేలమీద పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు బకెట్లెత్తుకుని వచ్చి చుట్టూ నిలిచారు. అన్ని బకెట్లు, ఒక్క మరిది. నిర్మల అతన్నీ చూసింది, బకెట్లనూ చూసింది. ఇన్ని రోజులు గంపలకొద్దీ ఏరి, నానబెట్టి, కలిపిన పేడ. ఒక్కడి మీద పోస్తే వాడు ఏమైపోవాలి, పేడ ఏమైపోవాలి?

అప్పుడే వెనకనుంచి సోంబరు తాత, "నాను ముసిలోణ్ణి, నానే కొట్టీసినాను, నీకేటైందిరా గుంటడా," అన్నాడు. అనకుండా ఉంటే ఆ పండుగ ఇంకోలా జరిగేది.

నిర్మల అతని వైపు తిరిగింది. "తాతా, నీ ఉండ పోతుంటే కాఫీ వాసనెందుకొచ్చినాది?"

"నాకేటెరుక?"

"సరే, ఇది సెప్పు. పూర్వం ఏటాడినప్పుడు పంది ఎవలిది?"

"ఎవల బాణం దిగితే ఆళ్ళది."

"బాణం అరువిత్తే?"

"అరువిచ్చినా బాణం గలోడిదే. ఎయ్యడానికేటి, గాలి కూడా ఏత్తాది," అన్నాడు తాత గర్వంగా. వేట న్యాయంలో ఆయన్ను మించినవాడు ఊళ్ళో లేడు. చెప్పేశాక చుట్టూ చూశాడు. చుట్టూ ఉన్న మగవాళ్ళు అప్పటికే ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తున్నారు.

"మరి ఈ పందికి తగిలినయ్యన్నీ ఎవల ఉండలు?" అంది నిర్మల.

ఎవరూ చెప్పలేదు. వాసన చెప్పింది.

"ఫల్గుణవి. అంటే ఇన్నిసార్లూ కొట్టినోడు నా మరిది. మీరెవలూ కొట్టనేదు. ఇక ఆ తప్పిన ముద్ద ఎవలిది తాతా?"

సోంబరు తాత గెడ్డవైపు చూస్తూ, "ఇదన్నాయం," అన్నాడు.

"దిసారీ, నువ్వు సెప్పు."

భీమన్న న్యాయమే అన్నాడు. పూజ చేసేవాడు దెబ్బ కొట్టడు, తప్పడు, తడవడు. అంచేత ఆయనకు న్యాయం చెప్పడం తేలిక.

ఆ మాట పూర్తికాకముందే మొదటి బకెట్టు లేచింది. ఆడవాళ్ళ గురికి ఏ కాటా, ఏ మీటరూ అవసరం లేకపోయింది. ఒక్క చుక్క వృథా పోలేదు. పారిపోయినవాళ్ళకు పరుగులోనే తగిలింది, చెట్టెక్కినవాడికి చెట్టుమీదే తగిలింది. సోంబరు తాతకు రెండు బకెట్లు, తీర్పు చెప్పినందుకు ఒకటి, తప్పినందుకు ఒకటి. తర్వాత మగవాళ్ళంతా ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వుతూ గెడ్డలో దూకారు. వాళ్ళ వెనకే డప్పులూ, ఆడవాళ్ళూ, దిసారీ పోయారు. గెడ్డ దిగువన పెద్ద జాతరైపోయింది.

ఒడ్డున ఫల్గుణ, రత్న మిగిలారు. దెబ్బ కొట్టిన మగవాళ్ళలో పొడిగా ఉన్నవాడు అతనొక్కడే. విల్లు దక్కింది. బకెట్టు తప్పింది. ఫల్గుణ బుట్టలో చెయ్యి పెట్టి విత్తనాల అడుగున వెతికాడు. నిగనిగలాడేది ఒకటి మిగిలి ఉంది.

"ఇప్పుడు సూడు," అన్నాడు రత్నతో. "ఇది నా ఉండ. ఇది నా సెయ్యి."

పంది నవ్వుతూనే ఉంది. కాళ్ళు కుదురుగా పెట్టుకున్నాడు. గాలి లేదు, మేక లేదు, చూసేవాళ్ళు లేరు. లాగాడు, వదిలాడు. ఉండ పగల్లేదు, వంకర పోలేదు, కూనిరాగం తీస్తూ చక్కగా, అందంగా ఎగిరిపోయింది. చాలాసేపటికి ఎక్కడో దూరంగా టక్కుమంది.

"తగిలిందా?" అంది రత్న.

"తగిలింది."

"దేనికి?"

ఫల్గుణ పంది మీదుగా, జీలుగు చెట్టు మీదుగా, అవతలికి చూశాడు. "కొండకి."

రత్న పక్కనున్న బకెట్టులోకి వంగి చూసింది. అడుగున ఇంకా కొంచెం ఉంది. ఫల్గుణ కొత్త చొక్కా విప్పి, జాగ్రత్తగా మడిచి, బుట్ట పక్కన పెట్టి, గొంతుక్కూర్చున్నాడు.

"బేగి పొయ్యే," అన్నాడు. "ఆళ్ళు గెడ్డలోనించి ఎక్కీలోగా నానూ దిగిపోవాల."